పై అర

ఫహాహీల్‌లో మా సూపర్ మార్కెట్‌కి నిచ్చెన ఉంది,
పసుప్పచ్చది, చక్రాలున్నది.
దాన్ని తోసుకొచ్చే ఓపిక లేక
"సువార్తా!" అని కేకేస్తారు.
టమాటా పేస్టు డబ్బాలు, పసిపిల్లల పాలపొడి,
గడువు దగ్గర పడ్డ ఓట్స్.
మునివేళ్ల మీద లేచి అందిస్తాను.
ఐదడుగుల పదంగుళాలు.
ఎవరూ అటెస్టేషన్ అడగని
నా ఒకే ఒక్క సర్టిఫికెట్టు.

తెనాలి కాలేజీలో ఈ ఎత్తుకే
ఫీజు మాఫీ చేశారు.
పదకొండో నంబరు చొక్కా.
యూనివర్సిటీల పోటీలో
ఒక్క ఆటలో ముప్ఫై నాలుగు పాయింట్లు.
ఆ రోజు ప్రిన్సిపాలుగారు చెప్పులు విడిచి
కోర్టులోకి వచ్చారు,
ఎందుకు విడిచారో ఇప్పటికీ తెలీదు.
మా వీధి మొగలో ఫ్లెక్సీ కట్టారు.
చోటు మిగిలిందని
అందులో నా మెడ ఇంకాస్త సాగదీశారు.

తర్వాత లీగు. బెంగుళూరు.

ఏమైందని ఎవరడిగినా మోకాలంటాను.
మోకాలు శుభ్రంగా ఉంది.
రాజకీయాలంటుంది మా అమ్మ,
సిఫార్సులంటాడు చిన్నమావయ్య.
నన్నెవరూ తొక్కెయ్యలేదు.
అలా చెప్పుకుని ఏడ్చే సుఖం కూడా
నాకు లేదు.
మొదటిరోజు డ్రెస్సింగ్ రూము తలుపు తీశాను,
పద్నాలుగు మంది
తిన్నగా నా కళ్లలోకి చూశారు.
అప్పటిదాకా నన్ను
తలెత్తి చూసినవాళ్లే తప్ప.
ఇద్దరైతే కాస్త వంగి చూశారు.

కోచ్ మెల్లగానే చెప్పింది:
"ఇక్కడ నీ ఎత్తుకి బుట్ట కింద చోటు లేదమ్మా,
బయటనుంచి ఆడాలి, బంతి తట్టుకుంటూ తేవాలి."
ఏడేళ్లు చేతులెత్తుకు నిలబడ్డదాన్ని.
కిందికి చూడకుండా బంతి తట్టడం
ఇరవై రెండేళ్లకి ఎవరు నేర్పుతారు?
నేర్పారు. రాలేదు.

సీజనంతా కలిపి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.
ఒక రీబౌండు. రెండు ఫౌళ్లు.
బెంచీ మీద ఊరికే కూర్చున్నా
చొక్కా తడుస్తుందని అప్పుడే తెలిసింది.
మరుసటేడు లీగే మూతపడింది,
నన్ను పిలవలేదన్న మాట
నా మీదికి రాకుండా.

నా పక్కన కూర్చునేది పైడితల్లి,
విజయనగరం పిల్ల, ఎడమచేతి వాటం.
ఇప్పుడు మస్కట్‌లో కార్గో డబ్బాలకి
చీటీలు అంటిస్తుంది.
నెలకోసారి వాయిస్ మెసేజి:
"ఏటే, బంతి ముట్టుకున్నావేటి?"
జవాబుగా బొటనవేలి బొమ్మ పంపుతాను.
అది అవునో కాదో తనకి తెలీదు,
నాకూ తెలీదు.

శుక్రవారం సాయంత్రాలు
మంగఫ్‌లో బస్సులాగే మైదానంలో
ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు ఆడతారు.
నర్సులు, గోళ్ల రంగులేసేవాళ్లు,
ఇళ్లలో పనికి ఆ ఒక్కపూటే సెలవున్నవాళ్లు.
నన్ను చూసి రెండు జట్లూ కొట్టుకున్నాయి.
పేరు నోరు తిరక్క "టవర్" అన్నారు.
పది నిమిషాలు కూడా కాలేదు,
నా మోచేతి దాకా రాని మారిసెల్
చంక కిందనుంచి దూరి
బంతి పట్టుకుపోయింది.
మూడుసార్లు.
మూడోసారి నాకే నవ్వొచ్చింది.

ఇప్పుడు ఆవిడే నేర్పుతోంది.
"నీచే మత్ దేఖో, టవర్, ముఝే దేఖో."
నేను ఆవిణ్ణి చూస్తాను,
రంగు రంగుల ఆ పది గోళ్లని చూస్తాను,
అహ్మదీ వైపు ఆకాశంలో
రిఫైనరీ మంటని చూస్తాను.
ఆగస్టు గాలికి బంతి చేపలా జారుతుంది.
నాకు ముప్ఫై ఒకటి.
ఎడమచేత్తో ఆరు తట్లు, ఒక్కోసారి ఏడు.

నిన్న ఎనిమిదోది నా బూటుకే తగిలి
రోడ్డు దాటి పోయింది,
ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు కిందికి.
"టవర్, నీ చెయ్యి పొడుగు, నువ్వే తియ్యి!"
కాలుతున్న తారు మీద బోర్లా పడుకున్నాను,
చెంప నేలకానించి, భుజం దాకా లోపలికి తోసి.
వెనకాల ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు,
వాళ్ల భాషలో.
మునివేళ్లకి తగిలింది
తగిలి
ఇంకొంచెం లోపలికి దొర్లింది.